చింతపండుతో కడిగిన రాయి

పద్దెనిమిదేళ్లు నేను ఈ అమెరికా దేశంలో సమాధులు కడిగాను. ఈ మాట చెబితే మనవాళ్ల ఇళ్లలో అందరూ చేతిలోని ప్లేట్ల వైపు చూస్తారు. ఆ తర్వాత ఎవరో ఒకరు "సిటీ జాబ్ కదా ఆంటీ, బెనిఫిట్స్ బాగుంటాయి" అని మాట అందుకుంటారు. బాగుండేవి. నేను చెప్పబోయేదంతా ఆ బెనిఫిట్స్ దగ్గరే ముడిపడి ఉంది. కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న మీలో ఎవరికైనా పనికొస్తుందేమోనని రాస్తున్నాను. పనికిరాకపోయినా రాయక తప్పదు, ఎందుకంటే నేను రాయడం నేర్చుకున్నదే దీనివల్ల.

మా ఆయన శిల్పి. కర్నూలు జిల్లాలో మా రెండు కుటుంబాలదీ రాతి పనే. మగవాళ్లు చెక్కేవాళ్లు, ఆడవాళ్లం మెరుగు పెట్టేవాళ్లం. నీళ్లు చల్లుకుంటూ, గరుకు రాయితో మొదలుపెట్టి నున్నటి రాయిదాకా, విగ్రహం చెంప అద్దంలా అయ్యేవరకు రుద్దడమే నా చిన్నతనమంతా. మా ఆయన శిలాఫలకాల మీద దాతల పేర్లు ముచ్చటగా చెక్కేవాడు. ఆ పేర్లలో దుమ్ము పోయేలా నేను తోమేదాన్ని. అవి ఎవరి పేర్లో నాకు తెలియదు. మా ఇంట్లో అక్షరాలు చెక్కేవాళ్లకు కొదవ లేదు గానీ చదివేవాళ్లు తక్కువ.

నేపర్‌విల్‌కి పడమరగా అరగంట దూరంలో మనవాళ్లు గుడి కడుతూ మా ఆయన్ని పిలిపించారు. గుడి పూర్తయ్యేసరికి మాకు గ్రీన్ కార్డు వచ్చింది, ఆయన ఊపిరితిత్తుల్లోకి రాతి పొడి చేరింది. ఇక ఉలి పట్టే స్థితి లేదు. అప్పుడు మేముంటున్న చిన్న ఊళ్లో, మునిసిపాలిటీవాళ్ల శ్మశానంలో పని ఉందని తెలిసింది. మా పై వాటాలో ఉండే అమ్మాయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, అప్లికేషన్ నింపిపెట్టింది. మొదటిరోజు ఫోర్‌మన్ నా ముందు ఒక కాగితం పెట్టి, "చదివావా?" అని అడిగాడు. "యెస్ సర్" అన్నాను. సంతకం చోట గీత గీసి ఇచ్చాను. ఆ కాగితాన్నే పనిముట్ల షెడ్డు గోడకు కూడా అంటించి ఉంచారు. ఐదేళ్లు రోజూ దాని పక్కనే నా కోటు తగిలించుకున్నాను.

పని కష్టమైనది కాదు. మంచు కరిగాక రాళ్లను గొట్టంతో తడిపి మెత్తని బ్రష్షుతో తోమడం, ఆకులు ఊడ్చడం, వాడిన పూలు తీసేయడం. నాతోపాటు మెక్సికో నుంచి వచ్చిన ఒకావిడ గడ్డి కోసే బండి నడిపేది. ఇద్దరికీ వచ్చిన ఇంగ్లిషు కలిపినా ఒక మనిషికి సరిపోయేది కాదు. అయినా రోజంతా ఏదో ఒకటి మాట్లాడుకునేవాళ్లం.

ఆ శ్మశానంలో తూర్పు గోడ దగ్గర ఒక కవయిత్రి సమాధి ఉంది. నూటయాభై ఏళ్ల కిందటి మనిషి. పెళ్లయి తూర్పు రాష్ట్రాల నుంచి ఈ మైదానాలకు వచ్చిందట. నలుగురు పిల్లలు పుడితే ముగ్గురు పోయారు. బట్టలు కుట్టి సంసారం నడుపుతూ పత్రికలకు పద్యాలు పంపేది. ఆమె బతికున్న రోజుల్లో ఆ పద్యాలను కత్తిరించి ఆడవాళ్లు వంటింటి గోడలకు అతికించుకునేవారట. పోయిన తర్వాత పెద్ద చదువులవాళ్లు వచ్చి, ఇవన్నీ ఏడుపు పద్యాలన్నారు. పిల్లల పుస్తకాల్లోంచి తీసేశారు. నవ్వడానికి ఉదాహరణ కావాలంటే ఆమె పేరు ఎత్తేవారు. ఒక్క పద్యం మాత్రం చావలేదు. చనిపోయిన బిడ్డ కోసం కిటికీలో దీపం ఉంచే తల్లి గురించి నాలుగు వరుసలు. ఈ చుట్టుపక్కల బిడ్డల్ని పోగొట్టుకున్న ఇళ్లలో ఇప్పటికీ దాన్ని చదువుతారు. దాని కింద మాత్రం ఆమె పేరు ఉండదు. ఆమె మరిది పాదిరీ. ఆయన దాన్ని తన పుస్తకంలో తన పేరుతో వేసుకున్నాడు.

ఇదంతా నాకు చెప్పింది ఊరి లైబ్రరీలో పనిచేసి రిటైరైన ఒక పెద్దావిడ. ఆవిడను నేను టీచరమ్మ అనేదాన్ని. మంగళవారాలు లైబ్రరీలో పెద్దవాళ్లకు ఉచితంగా చదువు చెప్పేది. మా ఆయన మందుల సీసాల మీద ఏముందో తెలియక ఒకసారి ఒకటికి బదులు ఇంకొకటి వేశాను. ఆ భయంతో, నలభై ఏడేళ్ల వయసులో, నేను ఆవిడ దగ్గరకు వెళ్లాను.

కాగితం మీద అక్షరం నాకు పట్టుబడేది కాదు. నాలుగు వారాలైనా పదహారు అక్షరాలు దాటలేదు. నేనెక్కడ పని చేస్తానో తెలిశాక ఆవిడ ఒకరోజు మధ్యాహ్నం భోజనం వేళకు శ్మశానానికి వచ్చింది. నన్ను తూర్పు గోడ దగ్గరకు తీసుకెళ్లి, కవయిత్రి పక్కనున్న చిన్న తెల్లరాయి ముందు కూర్చోబెట్టింది. మూడేళ్ల వయసులో పోయిన ఆమె కొడుకు రాయి అది. పైన గొర్రెపిల్ల బొమ్మ. కింద నల్లగా పాచి పట్టి ఏమీ కనిపించడం లేదు. టీచరమ్మ సంచిలోంచి చేతి అద్దం తీసి, ఎండను పక్కనుంచి రాతి మీదికి కొట్టింది. నాలుగు వరుసలు పైకి లేచాయి. అదే, ఆ దీపం పద్యం. అన్నిటికంటే కింద ఇంకొక వరుస.

"వేలు పెట్టు" అంది. నా చూపుడువేలు పట్టుకుని ఆ ఆఖరి వరుసలోకి దించింది. అరిగిన గాడి. నా వేలికి గాడి తెలుసు. ఎన్ని వేల గాడుల్లో దుమ్ము తీసిందో ఆ వేలు. ఒక్కొక్క అక్షరమే చెప్పించింది. మదర్. తల్లి. నేను జీవితంలో మొట్టమొదట చదివిన మాట అది.

"ఈ మాటలు వీడి తల్లివి" అని ఉంది ఆ వరుసలో. పక్కన ఆమె పేరులోని మొదటి అక్షరాలు. రాయి మీదున్న సంవత్సరం పాదిరీ పుస్తకానికి ఆరేళ్లు ముందుది.

"ఇంకెక్కడా లేదు" అంది టీచరమ్మ. "ఆవిడ కాగితాలన్నీ మరిది ఇంట్లోనే ఉండిపోయాయి. మిగిలింది ఇదొక్కటే."

అద్దం వెలుగు కొట్టి తీసినా ఫొటోలో పాచి తప్ప ఏమీ పడేది కాదు. కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అచ్చు దిగుతుంది గానీ రాయి దెబ్బతింటుందని ఆవిడ ఒప్పుకోలేదు. నోటుబుక్‌లో మాత్రం రాసుకుంది. అమెరికన్ కవిత్వమంతా ఒక పెద్ద పుస్తకంగా వేస్తున్న యూనివర్సిటీవాళ్లకు మూడేళ్లు ఉత్తరాలు రాసింది. చివరికి వాళ్లు వచ్చి చూస్తామన్నారు. ఏప్రిల్‌లో ఒక శుక్రవారం. కంటితో చూసి నమ్మితే ఆ పద్యం కింద పాదిరీ పేరు తీసి ఆమె పేరు వేస్తారు. ఆ వారం తరగతిలో టీచరమ్మ ఒకే పాఠం రెండుసార్లు చెప్పింది. డెబ్బై ఎనిమిదేళ్లు ఆవిడకు.

నేను ఆలోచించాను. అంతంత చదువుకున్నవాళ్లు వస్తున్నారు. రాయి చూస్తే మసిబట్టలా ఉంది. అద్దం పెట్టి ఆవిడ ఒక్కొక్క అక్షరం వెతికి చూపిస్తుంటే వాళ్లు నమ్ముతారా? రాయి గురించి ఈ ఊళ్లో ఎవరికి తెలుసు, నాకు కాక?

మా ఊళ్లో నల్లరాతి విగ్రహానికి నూనె జిడ్డు పేరుకుంటే చింతపండు గుజ్జు పట్టించి కొబ్బరి పీచుతో రుద్దేవాళ్లం. రాయి కొత్తదై వచ్చేది. మంగళవారం పొద్దున చింతపండు నానబెట్టి, ఉప్పు వేసి, పాచి మొండిదని సీసాడు వెనిగర్ కూడా కలిపి బకెట్‌లో తీసుకెళ్లాను.

మెక్సికో ఆవిడ బండి ఆపి బకెట్‌లోకి వంగి వాసన చూసింది. "టమరిండో! మా ఊళ్లో పిల్లలకు దీంతో క్యాండీ చేస్తాం. నువ్వు చచ్చినవాళ్లకు సూప్ పెడుతున్నావా?"

"నోరు ముయ్యి, బాస్ వస్తాడు" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

రెండు గంటలు రుద్దాను. పాచి ఊడిపోయింది. దాంతోపాటు చేతికి తెల్లగా, పంచదార పలుకుల్లాంటి రవ్వ వచ్చింది. ఎన్నేళ్ల మురికో అనుకున్నాను. అది ఆగేదాకా రుద్దాలని ఇంకా గట్టిగా రుద్దాను. గొట్టంతో కడిగి వెనక్కి జరిగి చూస్తే రాయి పాలలా మెరిసింది. ఎండ నేరుగా పడుతోంది, అక్షరాలు కనిపించలేదు. తడి ఆరితే కనిపిస్తాయిలే అనుకున్నాను. వేరే పని ఉందని దూరంనుంచి ఫోర్‌మన్ పిలిస్తే వెళ్లిపోయాను.

ఇంటికెళ్లేసరికి మా ఆయన కిటికీ దగ్గర, ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నా కోటు చేతి మడత మీద తెల్లరవ్వ చూసి పిలిచాడు.

"ఏందే ఇది?"

"మురికి. ఆ టీచరమ్మ రాయి కడిగినా."

ఆయన చిటికెడు తీసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపాడు. చాలాసేపు నలిపాడు.

"మురికి తెల్లగుంటాదా? ఇది రాయే. పాలరాయి. దేంతో రుద్దినావు?"

"చింతపండు. కొంచెం వెనిగర్."

ఆయన కళ్లు మూసుకున్నాడు. "నల్లరాయి అనుకున్యావా అది? పాలరాయంటే సున్నానికి తోబుట్టువు కదే. గచ్చు మీద నిమ్మకాయ పిండితే ఏమయితాదో నీకు తెల్దా? పులుపుకు ఉడికిపోతాది. అందులోనూ అన్నేండ్లు వానలో నానింది."

"నాకెవురు చెప్పినారు? మనం ఎప్పుడన్నా పాలరాయి ముట్టినామా?"

"అడగొచ్చు కదా నన్ను" అన్నాడు. దగ్గు వచ్చింది. అది తగ్గేదాకా వీపు నిమిరాను.

మర్నాడు అందరికంటే ముందే వెళ్లి రాయి ముందు కూర్చుని వేలు పెట్టాను. నాలుగు వరుసలు సొట్టల్లా మిగిలాయి, తెలిసినవాళ్లయితే పోల్చుకోగలరు. ఆఖరి వరుస నా వేలికి తగల్లేదు. పైకీ కిందికీ జరిపి చూశాను. నున్నగా ఉంది. మెరుగు పెట్టినట్టు ఉంది.

ఆ సాయంత్రం పై వాటా అమ్మాయి దగ్గరకు వెళ్లి అంతా చెప్పాను. ఆ అమ్మాయి లాప్‌టాప్ మూసేసి నా చేయి పట్టుకుంది.

"ఆంటీ, ప్లీజ్, ఎవరికీ ఏం చెప్పొద్దు. సిటీ ప్రాపర్టీ డ్యామేజ్ చేశారు, పైగా రూల్స్ చదివానని సైన్ చేశారు. చదవడం రాదని తెలిస్తే అప్లికేషన్‌లో అబద్ధం చెప్పారంటారు. టెర్మినేట్ చేస్తారు."

"ఆవిడకైనా చెప్పొద్దా?"

"ఆవిడ ఆ యూనివర్సిటీవాళ్లకి చెప్తారు, వాళ్లు సిటీకి చెప్తారు. అంకుల్ ఆక్సిజన్ అంతా మీ ఇన్సూరెన్స్ మీదే కదా నడుస్తోంది? అది పోతే ఏం చేస్తారు చెప్పండి. నా జాబ్ పోతే వీసా కూడా పోయి అరవై రోజుల్లో నేను ఇండియా వెళ్లిపోతాను, అంతే. అంకుల్‌ని ఫ్లైట్ కూడా ఎక్కించలేరు మీరు."

ఆ అమ్మాయి చెప్పినదాంట్లో తప్పు ఒక్కటీ లేదు. ఇన్నేళ్లలో నాకు దొరికిన సలహాల్లో అంత సరైనది ఇంకొకటి లేదనే చెప్పాలి.

శుక్రవారం పది గంటలకు వచ్చారు. యూనివర్సిటీ నుంచి ఒక ప్రొఫెసరమ్మ, వయసులో చిన్నది, చాలా మర్యాదస్తురాలు. ఆవిడతో పత్రాలు పట్టుకున్న ఒకాయన. మా ఫోర్‌మన్. టీచరమ్మ నీలం కోటు వేసుకుని, జుట్టు కొత్తగా కత్తిరించుకుని వచ్చింది. నేను నాలుగడుగుల దూరంలో చీపురు పట్టుకుని నిలబడ్డాను. వెళ్లిపోయి ఉండవచ్చు. ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చాను.

టీచరమ్మ ఆ తెల్లదనాన్ని దూరంనుంచే చూసింది. నడక ఆపలేదు. వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని అద్దం తీసింది. ఎండను ఎడమనుంచి కొట్టింది. కుడినుంచి కొట్టింది. కిందనుంచి పైకి కొట్టింది. అందరూ ఓపికగా ఉన్నారు. ఆ ఓపిక చూడలేకపోయాను.

"ఇక్కడే ఉంది" అంది చివరికి. "ఇక్కడే ఉండేది."

ఫోర్‌మన్ నా వైపు తిరిగాడు. "ఈ రాయిని ఎవరైనా ముట్టుకున్నారా?"

"నో సర్" అన్నాను.

గడ్డి బండి శబ్దం దూరంలో ఆగిపోయింది. మెక్సికో ఆవిడ ఇటే చూస్తోంది. ఒక నిమిషానికి బండి మళ్లీ మోగింది.

టీచరమ్మ రాతిలోకి ఇంకా వంగింది. గొర్రెపిల్ల కాళ్ల మధ్య సందులో గోరు పెట్టి ఏదో లాగింది. గోధుమరంగు పీచు, అంగుళం పొడవు. చింతపండు ఈనె. వేళ్ల మధ్య తిప్పి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని, జేబురుమాలులో మడిచి కోటు జేబులో వేసుకుంది. ఇంకెవరూ గమనించలేదు.

"ఇక్కడి చలికాలాలు రాయిని తినేస్తాయి" అంది వాళ్లతో.

ప్రొఫెసరమ్మ పక్కన కూర్చుని మెల్లగా అడిగింది: "మీరు ఆ వరుస చదివినప్పుడు పక్కన ఇంకెవరైనా ఉన్నారా? ఎవరైనా చూశారా?"

టీచరమ్మ తలెత్తి నన్ను చూసింది. కోపంగా కాదు. తరగతిలో ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగినప్పుడు ఎలా చూసేదో అలాగే చూసింది. ఆవిడ తొందరపెట్టే మనిషి కాదు. నేను నా బూట్ల వైపు చూశాను. బూట్ల మీద గడ్డి అంటుకుని ఉంది. మా ఆయన ముక్కు దగ్గరి గొట్టం కళ్లముందుంది.

"ఎవరూ లేరు" అంది టీచరమ్మ. "నేనొక్కదాన్నే."

ప్రొఫెసరమ్మ ఆవిడ భుజం మీద చేయి వేసింది. లేవడానికి సాయం చేసింది. కారు దాకా పట్టుకుని నడిపించింది. ముసలితనంలో మనిషి తను కోరుకున్నది చూస్తుందని వాళ్లు అనుకున్నారు. పైకి అనలేదు. ఆ మర్యాద వేరు.

మరుసటి ఏడాది పుస్తకం వచ్చింది. పద్యం కింద పాదిరీ పేరే. కవయిత్రి గురించి ఎక్కడో చివర చిన్న అక్షరాల్లో రెండు వాక్యాలు: భావోద్వేగపు పద్యాలు రాసిన స్థానిక రచయిత్రి, ఫలానా పద్యం ఆమెదేనని ఊళ్లో ఒక వాదం ఉంది, ఆధారం లేదు. ఊరి చరిత్ర సంఘంవాళ్లు టీచరమ్మను పెద్దరికం పేరు చెప్పి పక్కన కూర్చోబెట్టారు. అంటే మీటింగులకు పిలవడం మానేశారు. లైబ్రరీలో ఎవరో ఆవిడ వెనక నవ్వడం నేనే విన్నాను. కవయిత్రికి జరిగిందే ఆవిడకూ జరిగింది. రెండోసారి చేసింది మాత్రం నా చేతులు.

ఆ శుక్రవారం తర్వాత మూడు వారాలు నేను తరగతికి వెళ్లలేదు. నాలుగో వారం వెళ్లాను. "పేజీ ఇరవై రెండు" అంది, నేను నిన్ననే వచ్చి వెళ్లినట్టు. ఆ తర్వాత ఎన్నో మంగళవారాలు గడిచాయి. ఒకే ఒక్కసారి, అక్షరాలు కూడబలికి రాయడం మొదలుపెట్టిన రోజున, అడిగింది: "మీ దేశంలో గోధుమరంగు పుల్లటి కాయ ఒకటి ఉంటుంది కదా, పీచు ఉంటుంది. దాన్నేమంటారు?"

చెప్పాను.

"రాయి" అంది నోటుబుక్ నా వైపు జరిపి.

రాశాను. ఆవిడ అక్షరాలు సరిచూసి పక్కన టిక్కు పెట్టింది. పేజీ తిప్పింది.

వారానికొక తరగతితో అప్పటిదాకా నాకు విడి మాటలే వచ్చేవి; షెడ్డు గోడ మీది కాగితాన్ని రాయి కడిగిన ఏడాది ఎండాకాలంలో నేనే చదివాను. నాలుగో వరుస: నీళ్లు తప్ప ఏదీ వాడరాదు. యాసిడ్, వెనిగర్, ఇంట్లో వాడే ఎలాంటి క్లీనరూ వద్దు. నా కోటు కొక్కేనికి జానెడు దూరంలో ఉంది.

నేను కాపాడుకున్న ఇన్సూరెన్స్ రెండేళ్ల రెండు నెలలు పనికొచ్చింది. మా ఆయన పోయారు. ఇక నాకు భయపడాల్సింది ఏమీ లేదు, అయినా చెప్పలేదు. ఈ మాట మీరు గుర్తుపెట్టుకోండి. మొదట ఒక కారణం ఉండి మాట దాస్తాం. ఆ కారణం పోయాక కూడా మాట బయటికి రాదు, అప్పటికి దానికి దాగి ఉండటం అలవాటై ఉంటుంది.

తెలుగు అక్షరాలు ఆ తర్వాతే నేర్చుకున్నాను, మా ఆయన కట్టిన గుడిలోని శనివారం బడిలో, ఏడేళ్ల పిల్లల మధ్య కూర్చుని. "ఆంటీ, యూ ఆర్ సో స్లో, బట్ యువర్ 'ఱ' ఈజ్ ప్రెట్టీ" అనేది పక్కన కూర్చునే పిల్ల.

టీచరమ్మ ఎనభై ఆరో ఏట పోయింది. మా శ్మశానంలోనే, తూర్పు గోడకు రెండు వరుసల ఇవతల. రాయి వచ్చిన రోజు ఫోర్‌మన్ తల గోక్కుంటూ నన్ను పిలిచాడు.

"విల్లులో రాసిపెట్టింది చూడు. రాయి నల్ల గ్రానైట్ అయి ఉండాలట. కడిగే మనిషి ఏం పెట్టి కడిగినా తట్టుకోవాలట. ఎప్పుడూ వింత మనిషే."

నేను షెడ్డు వెనక్కి వెళ్లి చాలాసేపు ఉండిపోయాను.

పోయిన ఏడాది రిటైరయ్యాను. అప్పుడు ఉత్తరం రాశాను, ఆ యూనివర్సిటీవాళ్లకు, ఇంగ్లిషులో, నా చేత్తో. పదకొండుసార్లు రాసి చించాను. ఆ రాయిని ఎవరు కడిగారో, దేనితో కడిగారో రాశాను. ఆఖరి వరుసలో ఏ అక్షరం పక్కన ఏ అక్షరం ఉందో, ఏ గాడి లోతో, ఏది అరిగిందో, నా వేలికి గుర్తున్నదంతా గీసి పంపాను. ఆ రోజు అక్కడ సాక్షి ఉందనీ, అది నేనేననీ రాశాను. అప్పటికి నాకు చదవడం పూర్తిగా రాదనీ, ఆ మాటతోనే నా చదువు మొదలైందనీ కూడా రాశాను. ఇన్నాళ్లకు నిజం చెబుతూ అందులో ఒక్క ముక్క దాచడం ఇష్టం లేకపోయింది.

రెండు నెలలకు జవాబు వచ్చింది. మర్యాదగా ఉంది. మీ ధైర్యానికి కృతజ్ఞతలు, మీ ఉత్తరాన్ని ఫైలులో భద్రపరుస్తాం అన్నారు. అయితే ఆ సమయానికి మీకు చదవడం రాదని మీరే రాశారు కనుక, శాసనంలో ఏముందన్న దానికి దీన్ని సాక్ష్యంగా తీసుకోలేకపోతున్నాం అన్నారు.

ఎవరి సాయం లేకుండా నేను మొదటి పదం నుంచి చివరి పదం దాకా చదువుకున్న మొదటి ఇంగ్లిషు ఉత్తరం అదే.

ఆ ఆదివారం శ్మశానానికి వెళ్లాను. చిన్న తెల్లరాయి మీద ఇప్పుడు ఆ నాలుగు వరుసలు కూడా లేవు, గొర్రెపిల్లకు ముఖం లేదు. దాన్ని ముట్టుకోలేదు. టీచరమ్మ రాయి దగ్గర కూర్చుని ఉత్తరం మొత్తం పైకి చదివి వినిపించాను. తర్వాత సంచిలోంచి నానబెట్టిన చింతపండు తీసి, కొబ్బరి పీచుతో ఆవిడ రాయిని పైనుంచి కిందిదాకా రుద్దాను. గట్టిగానే రుద్దాను. నీళ్లు పోసి, తడి ఆరేవరకు కూర్చుని, ఆవిడ పేరులోకి వేలు దించి చూశాను.

ఒక్క అక్షరం కూడా చెదరలేదు.